నాలుగో నంబరు మీద బ్లోయరు

“టార్చి ఇటు పట్టవే. ఇటు కాదు, ఇటు. నా మొహమ్మీద కాదు!”

“నీ మొహం ఎక్కడుందో నాకు కనపడితేగా? రెండు కాళ్ళు తప్ప ఇంకేం కనపడట్లా.”

“కాళ్ళకి కాస్త పైకి పట్టు.”

“పైన పొట్ట ఉంది.”

“సుబ్బరావమ్మా! ఎగతాళి చెయ్యమాక. మూడు స్క్రూలు. రెండు ఊడినయ్యి. మూడోది మా మేనత్తలాగా కదలనంటే కదలనని కూర్చుంది.”

“ఆవిణ్ణి అనమాక. పోయిన మనిషి.”

“ఈ స్క్రూ కూడా పోతే బావుండు.”

సత్తెనపల్లికి ఆరు మైళ్ళ అవతల, డిసెంబరు చివరి ఎండలో, యలమందయ్య తన పాత కారు డాష్‌బోర్డు కింద తల దూర్చి అరగంటైంది. పక్కన మంచం మీద రెండు రగ్గులు కప్పుకుని ఆయన భార్య సుబ్బరావమ్మ కూర్చుంది. ఆవిడ కిడ్నీలు చేతులెత్తేసి ఏడాది. సోమ, బుధ, శుక్రవారాలు గుంటూరు తీసుకెళ్ళి నాలుగ్గంటలు మిషను మీద రక్తం కడిగించాలి. మొన్న సోమవారం తిరిగొచ్చేటప్పుడు కారులో ఆవిడ చలికని వేసే బ్లోయరు చచ్చిపోయింది. బుధవారం తెల్లవారుజామున ఆవిడ మంచం దిగలేదు. ఆ కారులో చలికి నేను తట్టుకోలేను, ఇంక రాను, అనేసింది. ఇవాళ గురువారం. రేపు కూడా రానంటే ఏమవుతుందో డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టే చెప్పాడు. కాబట్టి ఆ బ్లోయరు ఇవాళ తిరిగి తీరాలి. యలమందయ్యకి మిరప తెలుసు, పత్తి తెలుసు, బోరు మోటరు తెలుసు. కారు లోపల ఏముంటుందో ఆయన చూడటం ఇదే మొదలు.

“ఊపిరెట్టా ఉంది?”

“స్క్రూ సంగతి చూడు.”

“కాళ్ళ వాపు తగ్గిందా?”

“తగ్గింది.”

“ఏదీ, చూపించు.”

“రగ్గులో ఉన్నయ్యి. అయినా నీ తల అక్కడుంటే నా కాళ్ళు నీకెట్టా కనపడతయ్యి?”

“నువ్వు ఆగి ఆగి మాట్లాడతన్నావు. నాకు వినపడతంది.”

“నువ్వు గొణిగేది నాకు వినపడాలంటే ఆగాల్సిందేగా. మన కారు చూసే బాషాకి చెయ్యకూడదా ఫోను? తెలిసినవాణ్ణి అడక్కుండా ఈ అగచాట్లెందుకు?”

“చెయ్యి. నీ ఒళ్ళో పెట్టుకుని స్పీకరు నొక్కు.”

“…మోగతంది.”

“బాబాయ్! సలాం బాబాయ్. పిన్ని ఎట్టా ఉంది?”

“ఇక్కడే ఉందిరా బాషా. టార్చి పట్టుకుని నన్ను తిడతంది.”

“అయితే బానే ఉంది. చెప్పు బాబాయ్.”

“కారు బ్లోయరు ఆగిపోయిందిరా. నువ్వొకసారి రావాలి.”

“అబ్బో, నేను చిలకలూరిపేటలో ఉన్నా బాబాయ్. జిన్నింగు మిల్లు లారీలకి వైరింగు పని. రేపు సాయంత్రం గాని వదలరు. రేపొచ్చి చూస్తాలే.”

“రేపు తెల్లారగట్ల నాలుగున్నరకి గుంటూరు బయల్దేరాలిరా.”

“బ్లోయరు లేకపోతే బండి నడవదా ఏంది? అద్దాలు దించుకుని పొండి.”

“నువ్వు ముందు చెప్పరా, ఎట్టా విప్పాలో! ఎడం చేతి పక్క డబ్బా ఊడదీశా. వెనకాల గుండ్రంగా చట్టిలాగా ఒకటుంది.”

“అదే. చట్టి అడుగున మోటరు. రెండు వైర్ల సాకెట్టు ఉంటది, నొక్కి పీకు. మూడు స్క్రూలు తీసి కిందకి లాగు. దుమ్ము పడుద్ది, కళ్ళు జాగ్రత్త. ఫోను తీస్తానే ఉంటాలే, మళ్ళీ చెయ్యి.”

“మూడో స్క్రూ రాట్లేదు.”

“స్క్రూడ్రైవరు పెట్టి వెనక నుంచి సుత్తితో ఒక దెబ్బెయ్. ఒక్కటే. రెండోది వేస్తే డాష్‌బోర్డు పగులుద్ది.”

“…ఒకటి వేశా.”

“వచ్చిందా?”

“వచ్చింది.”

“రెండు దెబ్బలు వినపడినయ్యి బాబాయ్.”

“రెండోది నా వేలి మీదరా. పెట్టెయ్ ఫోను.”

“ఏదీ వేలు? చూపించు.”

“ఏం కాలే. నువ్వు లేవమాక. లేవద్దన్నానా? కూర్చో. అదుగో, లాగుతున్నా… వస్తంది… ఓరి దీని దుంపతెగ!”

“ఏంది? ఏమైంది?”

“పత్తి! చూడవే, ఇంత పత్తి. చట్టి నిండా పత్తే. మన పత్తే.”

“మనదని పేరు రాసుందా?”

“చావిట్లో కుప్ప పోస్తిమిగా పోయినేడు. కారు పక్కనే. ఎలక మోసుకొచ్చి గూడు పెట్టింది. ఎంత మెత్తగా ఏకిందో చూడు. మిల్లువాడు కూడా ఇట్టా ఏకడు.”

“పిల్లలున్నయ్యా అందులో?”

“లేవు. పాత గూడు.”

“పోయినయ్యా, పెరిగి ఎళ్ళిపోయినయ్యా?”

“నాకెట్టా తెలుసే? ఎళ్ళిపోయినట్టే ఉన్నయ్యి. శుభ్రంగా ఉంది.”

“పోనీలే. దానికన్నా కలిగినయ్యి.”

“ఇదుగో, ఇట్టాంటి మాటలు వద్దు.”

“ఏమన్నా? ఎలక గురించేగా అన్నది.”

“ఎలక గురించి కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. టార్చి పట్టు. చక్రం సందుల్లో ఇంకా ఏదో ఉంది. ఆగు, ఊదుతా…”

“ఊదమాక! అది—”

“హాఛ్! హాఛ్! అబ్బా… తాలుకాయల దుమ్మే ఇది… హాఛ్!”

“చెప్తంటే వినవుగా… ఉహు… ఉహుఁ… ఆ రోజే చెప్పా… కార్లో మిరపకాయ బస్తాలు ఎయ్యొద్దని… ఉహు, ఉహు…”

“సుబ్బరావమ్మా! ఏమేవ్! తల పైకెత్తు. మంచం ఇటు లాగుతా ఉండు. గాలొచ్చే వైపు తిరుగు. ఇటు, ఇటు. ఊపిరి తీసుకో. మెల్లిగా. నీళ్ళు తెస్తా.”

“వద్దు. డాక్టరు చెప్పిన లెక్కలో పొద్దున అరగ్లాసు అయింది. మధ్యాన్నం మాత్రలకి పావు… ఇంకా సాయంత్రం ఉంది.”

“ఒక్క గుక్క.”

“ఒక్క గుక్కే. ఊఁ, చాలు. పట్టుకుపో నా ముందునుంచి. గ్లాసు కనపడితే మళ్ళీ తాగాలనిపిచ్చిద్ది.”

“నిన్న పోయుంటే ఇంత ఆయాసం వచ్చేదా? నువ్వే చెప్పు. నీళ్ళన్నీ లోపలే ఉన్నయ్యి. మొహం కూడా ఉబ్బింది.”

“మిరపకాయ దుమ్ముకి పహిల్వాన్ కూడా దగ్గుతాడు. దాన్ని నా కిడ్నీలకి అంటగట్టమాక. నువ్వు దగ్గలా?”

“నేను తుమ్మా.”

“మూడు బస్తాలు వేశావు. ఐదేళ్ళైనా ఘాటు పోలా.”

“రెండు.”

“మూడు. మూడోది ముందు సీట్లో పెట్టి, నన్ను బస్సులో రమ్మన్నావు.”

“…అన్నానా?”

“అన్నావు.”

“ఎంత ఎదవనే నేను.”

“సరేలే. అప్పుడు మిరప రేటు బావుంది.”

యలమందయ్య మోటరుని పాత పంచెతో తుడిచాడు. పాత పళ్ళ బ్రష్షుతో సందులన్నీ దులిపాడు, ఈసారి మొహం పక్కకి తిప్పుకుని. ట్రాక్టరు బ్యాటరీకి రెండు తీగలు కలిపి మోటరుకి ముట్టించాడు. మోటరు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ ఫోను.

“బాషా, శుభ్రం చేశానురా. కరెంటిచ్చినా తిరగట్లా.”

“చక్రం చేత్తో తిప్పితే తిరుగుతందా?”

“హాయిగా.”

“అయితే లోపల కార్బన్ బ్రష్షులరిగినయ్యి బాబాయ్. వెనక మూత తియ్యి. నల్లటి ముక్కలు రెండుంటయ్యి, స్ప్రింగుల మీద. ఎంతున్నయ్యి?”

“గోరంత కూడా లేవు.”

“అదీ సంగతి. ఇంట్లో మిక్సీ ఉందా?”

“ఉంది.”

“దాని కార్బన్లు పీకి, గచ్చు మీద అరగదీసి ఇందులో పెట్టు. కాస్త పెద్దవి, అంతే. అచ్చు గుద్దినట్టు సరిపోతయ్యి. ఆ ఉపాయంతో ఎన్ని బళ్ళు నడుస్తన్నయ్యో మన తాలూకాలో!”

“పిన్ని వింటంది, మెల్లిగా మాట్లాడు.”

“విన్నా. మొత్తం విన్నా.”

“ఉంటా బాబాయ్!”

“పెట్టేశాడు ఎదవ. …మిక్సీ ఎక్కడుంది?”

“ఎందుకు?”

“విన్నానంటివిగా.”

“నా మిక్సీ మీద చెయ్యేశావంటే చూడు. ఆరేళ్ళ నుంచీ ఒక్క రిపేరు లేదు దానికి.”

“ఏం రుబ్బుతావే అందులో? పచ్చళ్ళు నువ్వు తినకూడదు. ఉప్పు వద్దు, చింతపండు వద్దు, గోంగూర అసలే వద్దన్నాడు. ఏడాదినుంచీ అది అటక మీదే ఉంది.”

“నువ్వు తింటావుగా.”

“నేనూ మానేశాగా.”

“ఎప్పుడు?”

“నువ్వు మానేసినప్పుడే.”

“ఓహో. మొన్న మంగళవారం పొలంలో, కూలికొచ్చిన ఎలీసమ్మ క్యారేజీలోంచి గోంగూర పచ్చడి అడిగి పెట్టించుకుంది ఎవరు?”

“…ఎవరు చెప్పారు?”

“ఎలీసమ్మే. ‘అన్న పాపం రెండుసార్లు పెట్టించుకున్నాడు వదినా, కళ్ళ నీళ్ళు పెట్టుకుని తిన్నాడు’ అంది.”

“కారం ఎక్కువైంది అందులో.”

“తిను. నేను వద్దన్నానా? ఇంట్లో చేయించుకుని నా ఎదురుగా తిను. చాటుగా తినటం ఏంది? నువ్వు తింటే నాకేం ఏడుపు?”

“నీ ఎదురుగా ముద్ద దిగదే.”

“అటక మీద ఎడం పక్క డబ్బాలో ఉంది. పైన గుడ్డ కప్పా. జాగ్రత్తగా దించు. నిచ్చెన ఎయ్! కుర్చీ ఎక్కమాక! వింటన్నావా?”

“ఎక్కేశా!”

“దిగేటప్పుడు పడతావు, నేను లేపలేను!”

“దిగేశా కూడా. ఇదుగో. ఇక్కడ నీ పక్కనే గచ్చు మీద కూర్చుని అరగదీస్తా. టార్చి ఆపు, బ్యాటరీ అయిపోద్ది. …ఎవరన్నా ఒక మనిషి సాయముంటే ఈ పాటికి అయిపోయేది.”

“ఎవరొస్తారు? మొదటి నెల వచ్చారుగా అందరూ. కొబ్బరిబోండాలు, బత్తాయిలు, అరటి గెలలు. అన్నీ నేను ముట్టకూడనివే. తర్వాత ఏం తేవాలో తెలీక రావటం మానేశారు.”

“వట్టి చేతుల్తో రావచ్చుగా.”

“వట్టి చేతుల్తో వస్తే ఏం మాట్లాడాలో తెలవదు. పండిస్తే ఆ కాసేపూ పండు గురించి మాట్లాడొచ్చు. …ఎంతసేపు అరగదీస్తావు? పిండైపోద్ది.”

“మెల్లిగా తియ్యాలి. ఎక్కువ తీస్తే పనికిరాదు.”

“రసూల్‌బీ మానేసి పది రోజులైంది.”

“ఏ రసూల్‌బీ?”

“ఆసుపత్రిలో నా పక్క మంచం. నరసరావుపేట నుంచి వచ్చేది. తమలపాకులు నమిలేది. వాళ్ళబ్బాయికి సెలవులు లేవని తనే మానేసింది. సోమవారం ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు.”

“అయితే రసూల్‌బీ…”

“నర్సుని అడిగా. ‘నీకెందుకు పెద్దమ్మా’ అంది.”

“ఆ మాట నాకు చెప్పలేదే నువ్వు.”

“చెప్తే ఏం చేస్తావు? హీటరు ఇంకో నంబరు పెంచుతావు.”

“సుబ్బరావమ్మా. ఇటు చూడు. నీకు చలి ఒక్కటేగా ఇబ్బంది?”

“ఊఁ.”

“సూదులు కాదుగా? ఆ నాలుగ్గంటలు పడుకోవటం కాదుగా?”

“అవి అలవాటైనయ్యి.”

“అయితే చలి లేకపోతే వస్తావు. చెప్పవే. ఈ మోటరు తిరిగితే రేపు వస్తావుగా?”

“ముందు తిరగనీ.”

“తిరిగితే?”

“తిరిగినప్పుడు చూద్దాం. పోరు పెట్టమాక.”

“నేను పోరు పెట్టకపోతే ఎవరు పెడతారే నిన్ను? ఈ ఇంట్లో ఇంకెవరున్నారు? …ఇదుగో, దూరింది. రెండోది కూడా దూరింది. స్ప్రింగు నొక్కా. మూత పెట్టా. దేవుడా, కోటప్పకొండ త్రికోటేశ్వరా, వంద కొబ్బరికాయలు కొడతా.”

“బ్లోయరుకి వంద కొబ్బరికాయలా?”

“నూట పదకొండు! తీగ పట్టుకో. వద్దు వద్దు, నువ్వు పట్టుకోమాక, నేనే ముట్టిస్తా. ఒకటి… రెండు…”

“తిరుగుతంది!”

“తిరుగుతందే! చూడు, ఎట్టా తిరుగుతందో! మోటరంటే ఇది! మెకానిక్కులు ఎందుకే మనకి?”

“బాషా చెప్పబట్టిగా.”

“బాషా చెప్పాడు. చేసింది ఎవరు? నీ మిక్సీ, నా చెయ్యి.”

విప్పిన స్క్రూలు దొరికాయి, ఒకటి తప్ప. ఆ ఒక్కదాని చోట యలమందయ్య గుడ్డ పేలిక చుట్టి అదిమాడు. సాకెట్టు తగిలించాడు. ఇంజను వేసి పది నిమిషాలు కాగనిచ్చాడు. మీట వేడి వైపు ఎర్ర గీత చివరిదాకా జరిపి, బ్లోయరు నాలుగో నంబరుకి తిప్పాడు. మోత మొదలైంది. ఏడాదిగా విన్న మోత అదే. ఆయన ప్రాణం లేచొచ్చింది.

“రా, లే మెల్లిగా. నా భుజం పట్టుకో. వెనక సీట్లో కూర్చుని చూడు ఒక్కసారి.”

“చూడక్కర్లేదు. మోత వినపడతందిగా.”

“మోత కాదే, వేడి. కూర్చో. కాళ్ళు లోపల పెట్టు. ఇంత వాచి ఉన్నయ్యి, తగ్గిందంటావా? అబద్ధాలకోరు… ఆఁ. వస్తందా?”

“వస్తంది.”

“వెచ్చగా ఉందా?”

“ఉంది. హాయిగా ఉంది.”

“మరి అట్టా ముడుచుకుంటున్నావేంది?”

“ఇందాక దగ్గి దగ్గి ఒళ్ళు నొప్పులు.”

“జరుగు కొంచెం. నేనూ కూర్చుని చూస్తా.”

“నువ్వెందుకు? నువ్వు నడిపేవాడివి, ముందు కూర్చో.”

“ఈ కారు కొన్నాక నేను వెనక కూర్చున్నదే లేదు. జరుగు.”

“వద్దంటే వినవేం—”

“సుబ్బరావమ్మా. ఇది చల్లగా ఉంది.”

“ఇంజను కాగలేదేమో.”

“పది నిమిషాలైంది. బానెట్టు మీద అట్టు పొయ్యొచ్చు. ఇది చల్లగాలే. ఫ్యాను కింద కూర్చున్నట్టుంది. దీన్నా నువ్వు వెచ్చగా ఉందంది?”

“నా ఒంటికి వెచ్చగానే ఉంది మరి.”

“ఫోనిటియ్యి. …బాషా! ఒరే బాషా!”

“తిరిగిందా బాబాయ్?”

“తిరిగిందిరా. గాలి దంచి కొడతంది. వేడి రాట్లా.”

“వేడా? వేడేంది బాబాయ్?”

“హీటరురా! ఎర్ర గీత మీద పెట్టా. చల్లగాలొస్తంది.”

“హీటరెక్కడిది ఆ బండికి?”

“తాగావా నువ్వు?”

“అయ్యో బాబాయ్, మర్చిపోయావా? నాలుగేళ్ళ కింద, ఎండాకాలం, ఏసీ చల్లగా లేదురా బాషా, ఏదో ఒకటి చెయ్యమని నువ్వే తెచ్చావుగా బండి. హీటరుకి వేడినీళ్ళు పోయే పైపులు రెండూ ఊడదీసి, ఒకదానికొకటి కలిపేసి క్లిప్పు బిగించా. నీకు చూపించా కూడా. ‘గుంటూరు జిల్లాలో హీటరు ఎవడిక్కావాలిరా, బయటంతా హీటరేగా’ అన్నావు. నవ్వుకున్నాం ఇద్దరం. నువ్వొక్కడివే కాదు బాబాయ్. నా చేతిలోకి వచ్చిన ప్రతి బండికీ అంతే చేశా. అడిగినోడు లేడు ఇప్పటిదాకా.”

“ఎండాకాలం హీటరేసి నడిపానురా నేను. అద్దాలన్నీ మూసి. చెమటలు కక్కా. చొక్కా పిండితే నీళ్ళు.”

“అది హీటరు కాదు బాబాయ్. మే నెల.”

“మరి ఇప్పుడు? చలికాలంలో?”

“ఇప్పుడు బ్లోయరు వేస్తే బయటి చలిగాలి తెచ్చి లోపల కొడుతుద్ది. అంతే. ఎందుకు బాబాయ్, ఎవరికి హీటరు?”

“మీ పిన్నికిరా. మిషను మీంచి లేచాక చలి పుడుద్ది. వణికిపోద్ది. ఏడాది బట్టీ వేస్తన్నా.”

“యా అల్లా… పిన్నీ! ఏడాది బట్టీ ఆ గాల్లోనా? చెప్పలేదేంది పిన్నీ?”

“నువ్వు బాధపడమాక బాషా. నీదేం తప్పు లేదు.”

“ఈ పూటే యేసుపాదాన్ని పంపిస్తా. నా దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇప్పుడు సత్తెనపల్లిలో కొట్టు పెట్టాడు. పైపులు తెచ్చి సాయంత్రానికల్లా కలిపేస్తాడు. రేపు పొద్దున పిన్నికి వేడి రాకపోతే నన్ను చెప్పుచ్చుకు కొట్టు బాబాయ్. ఉంటా.”

“అదుగో, సాయంత్రం బాగైద్ది అన్నాడుగా. దిగు ఇంక. మొహం అట్టా పెట్టమాక.”

“ప్రతిసారీ అడిగా. పేరేచర్ల కాడ అడిగేవాణ్ణి. మేడికొండూరు కాడ అడిగేవాణ్ణి. ‘వెచ్చగా ఉందా’ అంటే ‘ఆఁ’ అన్నావు. ప్రతిసారీ ‘ఆఁ’.”

“అడిగేవాడివిగా మరి.”

“అంటే?”

“పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు. వండావా, నీళ్ళు తోడావా, కూలీలకి కాఫీ పెట్టావా, ఇవే నువ్వు నన్నడిగినయ్యి. నాకెట్టా ఉందని కార్లోనే అడిగావు. వెచ్చగా లేదంటే బాగుచేయించి, ఇంక అడగవేమోనని.”

“నీ బుర్రలో ఏముందే? ఆ వణుకుతో? ఆ గాల్లో?”

“రగ్గు ఉందిగా.”

“…ఆగు. ఆగాగు. నాకొకటి అర్థం కావట్లా. ఏడాది చల్లగాలి ఓర్చుకున్నావు. సోమవారం బ్లోయరు ఆగిపోయింది. చల్లగాలి ఆగిపోయింది. నీకు చలి తగ్గాలిగా! తగ్గినాక చలి అని మానేయటం ఏంది?”

“ఆ మోత ఆపు ముందు. తల నొప్పిగా ఉంది.”

“ఆపను. చెప్పు.”

“ఆపితే చెప్తా.”

“…ఆపా. చెప్పు.”

“సోమవారం కూడా ఇట్టాగే టక్కున ఆగింది. పేరేచర్ల దాటినాక.”

“అవును.”

“నేను నిద్దరపోయాననుకున్నావు.”

“రగ్గు మొహమ్మీదకి లాక్కున్నావుగా.”

“ఇన్నాళ్ళూ నాలుగో నంబరు నా చలికనుకున్నా.”

“నీ చలికే. ఇంకెందుకే?”

“మేడికొండూరు దగ్గర్నుంచీ మన వాకిలి దాకా ఏడుస్తానే ఉన్నావయ్యా. ఎక్కిళ్ళు పెట్టి. ‘నేనొక్కణ్ణే ఏం చెయ్యాలి, నేనొక్కణ్ణే ఏం చెయ్యాలి’ అనుకుంటా. మోత లేదుగా, నాకంతా వినపడింది. ఆ ఒక్క రోజేనా? రోజూనా?”

“వచ్చేటప్పుడే. పోయేటప్పుడు ఏడవను. చీకట్లో కళ్ళు మసకేస్తే రోడ్డు కనపడదు.”

“ఏడాదినుంచీనా?”

“నువ్వు వెనక సీట్లో పత్తి పింజలాగా పడుంటావు. అద్దంలో కనపడతా ఉంటావు. ఇంట్లో ఏడిస్తే నీకు తెలుసుద్ది. పొలంలో కూలీలుంటారు. ఇంకెక్కడే నేను ఏడిచేది?”

“అందుకే రానన్నా. నేను పోకపోతే నువ్వు ఆ దారంతా ఏడవక్కర్లేదుగా అనుకున్నా.”

“అని? ఇంట్లో పడుకుని రసూల్‌బీ లాగా… అప్పుడు నేను ఏడవనా?”

“ఒకేసారి ఏడిచి ఊరుకుంటావనుకున్నా.”

“ఊరుకోను. సుబ్బరావమ్మా, ఊరుకోను నేను. నువ్వు లేకపోతే నేనీ కారేసుకుని ఎక్కడికి పోవాలి? పొద్దున లేచి ఎవర్ని పోరు పెట్టాలి? నాకు భయమేస్తంది. చెప్పుకోటానికి ఇంకెవరూ లేరు, అందుకని నీకే చెప్తన్నా. నాకు చచ్చేంత భయమేస్తందే.”

“నాకు భయం వెయ్యట్లేదనుకున్నావా?”

“నువ్వెప్పుడూ అనలా.”

“నువ్వడగలా. వెచ్చగా ఉందా అనే అడిగావు. ఇటు రా. తుడుచుకో. ఆ మసి చేతుల్తో కాదు, నా కొంగు తీసుకో. …రేపు ఎన్నింటికి?”

“నాలుగున్నరకి. అంటే… వస్తావా?”

“వస్తా. వచ్చేటప్పుడు వెనక పడుకోను. ముందు నీ పక్కన కూర్చుంటా.”

“కూర్చోలేవే, ఓపికుండదు.”

“సీటు వెనక్కి వంచు. రగ్గు కప్పు. వేడి వచ్చినా రాకపోయినా బ్లోయరు ఒకటో నంబరు మీదే పెట్టు. నువ్వేడిస్తే నాకు వినపడాలి.”